అరవై మూడో పేజీ

పోయిన వారం మనం రోజారమణిని వంటింట్లో గ్యాసు పొయ్యి ముందు వదిలేసి వచ్చాం. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు, చేతిలో దేవిశ్రీ రాసిన రిజిస్టరులోంచి తను చింపుకొచ్చిన కాగితం. దాన్ని ఏం చేసిందో చెప్పకుండానే ఆపేశాం. ఇక దాచడం దేనికి, కాల్చేసింది. ఒక మూల అంటించి, వేళ్ళు చురుక్కుమనేదాకా పట్టుకుని, సింకులో పడేసి కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. ఆ వీధికి అప్పుడు వంతు కాదు. బకెట్టులోంచి చెంబుతో నీళ్ళు పోసి మసి కడిగేసింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఒడిశాలోని రాయగడలో కొండవైపున్న పదకొండు వీధులకి ఒకే ట్యాంకు నుంచి వంతుల వారీగా నీళ్ళు వస్తాయి. ప్రతి వీధి మలుపులోనూ మూత కింద ఒక వాల్వు ఉంటుంది. దాన్ని తిప్పే నిలువెత్తు ఇనప కడ్డీని అక్కడ తాళం అంటారు. ఆ తాళాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు భుజాన మోసినవాడు సన్యాసయ్య, రోజారమణి తండ్రి. రిటైరై రెండేళ్ళయింది. ఇప్పుడా వాల్వులకి మోటార్లు బిగించి, ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో యంత్రమే చూసుకునేలా చేసే పని ఒక ప్రైవేటు కంపెనీకి వచ్చింది. ఆ కంపెనీలో రోజారమణి డిజైనరు. కోరాపుట్‌లో డిప్లొమా చేసి, పన్నెండేళ్ళుగా పంపులతోనూ పైపులతోనూ బతుకుతున్న మనిషి. వీధికి నలభై నిమిషాలు, అందరికీ సమానం అని ఆమె గీసిన డిజైను బల్ల మీద సిద్ధంగా ఉండగానే కంపెనీ వాళ్ళు దేవిశ్రీని తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

దేవిశ్రీ మెయిన్ రోడ్డులో చింతపండు హోల్‌సేల్ కొట్టువాళ్ళ అమ్మాయి. విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివింది. రోజారమణి కంటే ఏడేళ్ళు చిన్న. ఆ పిల్ల పద్ధతి వేరు. యంత్రం ఏం చెయ్యాలో ఇంజనీరు కూర్చుని ఊహించకూడదంటుంది. నీళ్ళు పట్టుకునేవాళ్ళనీ ఇచ్చేవాళ్ళనీ అడగాలి. మీకు ఏది ముఖ్యం, ఏది పోతే మనసు కష్టపెట్టుకుంటారు అని అడిగి, వాళ్ళ మాటని వాళ్ళ నోట వచ్చినట్టే రిజిస్టరులో కాగితానికి ఒకవైపునే రాసి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అందులోంచి వాళ్ళు విలువ ఇచ్చేవేమిటో ఏరాలి. ఏది ముందో ఏది వెనకో వాళ్ళ చేతే వరస పెట్టించాలి. యంత్రానికి పని చెప్పడం ఆ తరవాతే. జాబితాలో ప్రతి అంశం పక్కనా అది ఏ పేజీలోంచి వచ్చిందో నంబరు ఉండాలి, పేజీ లేని అంశం యంత్రంలోకి వెళ్ళకూడదు. ఈ ఆఖరి నిబంధన పెట్టించింది మాత్రం దేవిశ్రీ కాదు, మన రోజారమణే. ఆ పిల్ల సొంత కవిత్వం ఎక్కడ దూర్చేస్తుందోనని పట్టుబట్టి మరీ పెట్టించింది.

ఇద్దరూ కలిసి నూట నలభై ఇళ్ళు తిరిగారు. జనం వరస పెట్టేసరికి రోజారమణి ప్రాణంగా చూసుకున్న సమానత్వం మూడో స్థానానికి పోయింది. చెప్పిన వేళకి రావడం మొదటిదయింది. సగం బిందె వచ్చినా సర్దుకుంటాం, ఎప్పుడొస్తాయో తెలిస్తే చాలు, తెల్లారకుండా రోడ్లు ఊడ్చే పనికి పోయేవాళ్ళం అన్నారు చివరి వీధి ఆడవాళ్ళు. నలభై నిమిషాల డిజైను అటక ఎక్కింది. రోజారమణి అది మింగింది.  మింగలేకపోయింది అరవై మూడో పేజీని.

ఆ పేజీ సన్యాసయ్యది. డిజైను మొదలెట్టినప్పుడు రోజారమణి తండ్రిని అడగకపోలేదు. ఇన్నేళ్ళు తిప్పావు కదా, నాకేమైనా చెప్పు నాన్నా అంది. తిప్పితే వస్తాయి, ఆపితే ఆగుతాయి, ఇంకేముంటుంది అని ఆయన బీడీ ముట్టించుకున్నాడు. అదే మనిషి దేవిశ్రీ వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ అడిగితే రెండు రోజులు ఆపకుండా మాట్లాడాడు. చింతపండు కొట్టువాళ్ళ పిల్ల మన గ్లాసుతో టీ తాగిందని తల్లి గున్నమ్మ మురిసిపోయింది కూడా.

ఆయన చెప్పింది చావింటి నీళ్ళ గురించి. ఏ వీధిలో ఎవరు పోయినా, ఆ ఇంటి మనిషి వచ్చి సన్యాసయ్య చేతిలోని తాళాన్ని ముట్టుకునేవాడు. నోరు విప్పి చెప్పనక్కర్లేదు. వంతు ఉన్నా లేకపోయినా ఆ వీధికి అరగంట వాల్వు తెరిచేవాడు సన్యాసయ్య. పోయినవాళ్ళకి స్నానం, మోసినవాళ్ళకి స్నానం, వాకిళ్ళు కడుక్కోవడం అన్నీ ఆ అరగంటలో అయిపోవాలి. లాగ్‌బుక్కులో అందుకు గడి లేదు కాబట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ రాయలేదు. నూట నలభై ఇళ్ళలోనూ ఎవరూ ఈ సంగతి ఎత్తలేదు. ఇద్దరు ఆడపిల్లలు పెన్ను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నీళ్ళ గురించి అడుగుతుంటే, మా ఇంట్లో ఎవరైనా పోతే అని ఏ ఇల్లాలు నోరు తెరుస్తుంది? కాబట్టి మొత్తం రిజిస్టరులో ఆ మాట ఉన్నది ఆ ఒక్క పేజీలోనే.

దాని కింద ఇంకో నాలుగు వరసలు ఉన్నాయి. రోజారమణి కంటే ముందు ఒక మగబిడ్డ పుట్టాడని. పందొమ్మిది రోజులు బతికాడని. ఆ రోజు వీధిలో నీళ్ళు లేకపోతే, అప్పటి వాల్వు మనిషి వంతు కాదని తాళం తిప్పలేదని. పక్క వీధి వాళ్ళిచ్చిన చెంబెడు నీళ్ళతో బిడ్డని కడిగి తీసుకెళ్ళానని. ఆ తాళం ఎప్పటికైనా తన చేతికి రావాలని ఆ రోజే అనుకున్నానని.

కడుపున పుట్టి ముప్ఫై రెండేళ్ళయిన కూతురు ఈ సంగతిని దేవిశ్రీ గుండ్రటి అక్షరాల్లో చదివి తెలుసుకుంది. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండిపోయింది. అన్న పోయాడని ఏడవాల్సింది, నాకు చెప్పని మాట దీనికి చెప్పాడే అని ఏడ్చింది. అసూయకి సిగ్గుండదు. చచ్చిపోయిన పసిబిడ్డ ముందు కూడా తన వాటా ఎంతని అడుగుతుంది. చింపడం, కాల్చడం ఆ మంటలోనే జరిగిపోయాయి.

ఇక సోమవారం.

జాబితా చదివి సంతకాలు పెట్టించుకోవడానికి నీటి విభాగం అధికారి హరిబాబు పదకొండు గంటలకి రమ్మన్నాడు. సంతకాలయితే మధ్యాహ్నమే జాబితా కోరాపుట్ వెళ్తుంది, అక్కడ కంట్రోల్ బోర్డులు తయారవుతాయి. అటు వెళ్ళాక మార్చడం కుదరదు. ఆ రోజు జాబితాలో లేనిది ఇక ఆ యంత్రంలో ఉండదు. చావింటివాళ్ళు కూడా వంతు వచ్చేదాకా ఖాళీ బిందెలతో కూర్చోవాల్సిందే.

తొమ్మిదిన్నరకి ఆఫీసులో దేవిశ్రీ పేజీల నంబర్లు సరిచూస్తూ ఆగిపోయింది. రిజిస్టరుని వెనక్కీ ముందుకీ తిప్పింది.

"అక్కా, అరవై రెండు తరవాత అరవై నాలుగున్నాది. మజ్జిలోది ఏదీ?"

"దారం వదులైపోయింది గదా, ఎక్కడో జారిపోయుంటాది," అంది రోజారమణి తల ఎత్తకుండా. "నువ్వే ఎక్కడన్నా ఎట్టీసేవేమో సూసుకో."

శనివారం నుంచీ ఆ పొద్దుటిదాకా రిజిస్టరు రోజారమణి ఇంట్లోనే ఉంది. లెక్క సరిచూడమని ఇచ్చింది దేవిశ్రీయే. ఆ పిల్లకి అది గుర్తు రాలేదో, వచ్చినా అనుమానించడం చేతకాలేదో, పోనీలే, సన్యాసయ్య బాబాయ్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ రాయించేసుకుందాం, గంట పని అంటూ స్కూటీ తాళం తీసుకుంది.  నాన్న ఊళ్ళో లేడంది రోజారమణి. గుడారిలో చుట్టాలింటికి వెళ్ళాడంది. ఫోను చేద్దామంటే ఫోను ఇంట్లోనే మరిచిపోయాడంది. అబద్ధం ఒకటి ఆడితే తోడుకి ఇంకో రెండు వచ్చి నిలబడ్డాయి. మూడూ తడుముకోకుండా చెప్పింది.

దేవిశ్రీ కుర్చీలో కూలబడింది. జాబితాలో తొమ్మిదోదైన చావింటి నీళ్ళ అంశాన్ని చూస్తూ నుదురు పట్టుకుంది. ఆ ముఖం వాడిపోతే చూడాలని రోజారమణి నెల రోజులుగా ఎదురుచూసింది. ఇప్పుడు చూసింది. ఎంతసేపు చూసినా ఆశ తీరలేదు.

పదకొండింటికి హరిబాబు గదిలో చేరారు. ఆయన భువనేశ్వర్ నుంచి వచ్చిన ఒడియా మనిషి, పదేళ్ళుగా ఇక్కడే ఉండి తెలుగు బాగా అర్థం చేసుకుంటాడు, మాట్లాడేది మాత్రం ఒడియాలోనే. కటువు మనిషే గాని అన్యాయం చేసే మనిషి కాదు. వీధుల తరఫున సూర్యావతి వచ్చింది. చివరి వీధిలో ఉంటుంది, ఊడ్పు పని ముగించుకుని చీపురు బయట పెట్టి లోపలికి వచ్చింది. జాబితా ఒకటి నుంచి ఎనిమిది దాకా సాఫీగా నడిచింది. దేవిశ్రీ చదవడం, పేజీ నంబరు చెప్పడం, హరిబాబు ఆ పేజీ తిప్పి చూసి తల ఊపడం.

తొమ్మిదో అంశం దగ్గర దేవిశ్రీ ఆగింది. వీధిలో చావు జరిగితే వంతుతో పని లేకుండా అరగంట నీళ్ళు అని చదివింది. పేజీ నంబరు అరవై మూడు, ఆ కాగితం కనిపించడం లేదు సార్, చెప్పింది సన్యాసయ్యగారు, నా చేత్తో నేనే రాశాను అంది.

హరిబాబు రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. పేజీ లేకపోతే అంశం లేదని కదా మనం రాసుకున్నది అన్నాడు. రోజారమణి వైపు తిరిగి, ఆ నిబంధన నీదే కదా అన్నాడు. అవునంది రోజారమణి. 

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర అలికిడయింది. సన్యాసయ్య.

ఇస్త్రీ చేసిన పాత ఖాకీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, చెప్పులు బయట విడిచి, లోపలికి రావచ్చా అన్నట్టు నిలబడ్డాడు. జాబితా చదివేటప్పుడు వచ్చి వినమని వారం కిందటే ఆయన్ని పిలిచింది దేవిశ్రీ. తను చెప్పిన మాట ఆఫీసులో పైకి చదువుతారంటే వినాలని వచ్చాడు. నాన్న వస్తున్నట్టు కూతురికి తెలియదు. పిలిచిన సంగతి కూడా ఆ పిల్లకే తెలుసు, ఊళ్ళో లేడనగానే ఇక రాడనుకుని ఊరుకుంది.

దేవిశ్రీ ఆయన్ని చూసింది. తరవాత రోజారమణిని చూసింది. ఒక్కటే చూపు. ఊళ్ళో లేని మనిషి ఎలా వచ్చాడని అడగలేదు. ఆ అడగకపోవడంతో ఆమెకి అంతా తెలిసిపోయిందని రోజారమణికీ తెలిసిపోయింది. తెలిశాక కూడా ఆ ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. చెంపదెబ్బ కొట్టినా ఓర్చుకునేదేమో గాని ఆ జాలికి మాత్రం రోజారమణి ఒళ్ళు భగ్గుమంది.

హరిబాబుకి పని సులువైపోయినట్టనిపించింది. సన్యాసయ్యని కూర్చోమని, విషయం విడమర్చి చెప్పాడు. ఈ రిజిస్టరులో నీ మాట రాసిన పేజీ లేదు. శనివారం నుంచి పుస్తకం నీ కూతురి దగ్గర ఉంది, తీసుకున్నట్టు అట్ట లోపల సంతకం ఉంది. నువ్వు ఆ మాట చెప్పి ఉంటే, పేజీ దానంతట అది పోలేదు, ఎవరు తీశారో నేను తేల్చాలి, తీసినవాళ్ళ ఉద్యోగం ఉండదు. నువ్వు చెప్పలేదంటావా, ఈ అమ్మాయి లేని మాట కల్పించి రాసినట్టు. ఏది నిజమో నువ్వే చెప్పు.

సన్యాసయ్య ముందు రిజిస్టరు కేసి చూశాడు. అరవై రెండుకీ అరవై నాలుగుకీ మధ్య, కుట్టు దారాన్ని పట్టుకుని కొద్దిగా చింపు మిగిలి ఉంది. తరవాత కూతుర్ని చూశాడు. రోజారమణి బల్ల అంచు చూస్తోంది. ఆదివారం ఇంట్లో అడుగు పెడుతూనే ఏదో కాలిన వాసనొస్తోందేమిటని అడిగింది ఆయనే. పాలు పొంగాయని చెప్పింది ఆమె. ఆ రోజు ఇంట్లో పాలు లేవు, టీ కూడా బయటే తాగి వచ్చాడాయన. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడానికి సన్యాసయ్యకి అట్టే సేపు పట్టలేదు.

"నేనేటీ సెప్పలేదు బాబూ," అన్నాడు.

గదిలో అందరికీ వినబడింది. అయినా హరిబాబు మళ్ళీ అడిగాడు. ఎప్పుడైనా వంతు తప్పించి నీళ్ళు ఇచ్చావా, చావిళ్ళకి ఇచ్చావా అన్నాడు.

"లేదు బాబూ. ఏ వీధికి రాసుంటే ఆ వీధికే ఇచ్చేను. వంతు తప్పలేదెప్పుడూ."

సూర్యావతి తల ఎత్తింది. మూడేళ్ళ కిందట అత్త పోయినప్పుడు ఆ తాళాన్ని స్వయంగా ముట్టుకున్న మనిషి ఆమె. "మరి మా అత్తకి..." అని మొదలెట్టింది. సన్యాసయ్య ఆమె కేసి చూశాడు. బతిమాలుతున్నట్టుంది ఆ చూపు. ఆయన ఎవరినీ బతిమాలగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆగిపోయి కొంగు సర్దుకుంది.

మిగిలింది దేవిశ్రీ. ఆ పిల్ల దగ్గర ఇంకా ఒక మాట ఉంది. పందొమ్మిది రోజులు. ఆ ఒక్క మాట అంటే చాలు. లేని బిడ్డని ఎవరూ కల్పించరు, ఉన్న బిడ్డని ఆ తండ్రి నలుగురిలో లేడనలేడు. అనేస్తుందనే రోజారమణి అనుకుంది. నిజం చెప్పాలంటే అనేస్తే బాగుండునని కూడా అనుకుంది. అప్పుడైనా ఆ పిల్లని మనసారా తిట్టుకోవచ్చు.

దేవిశ్రీ నోరు తెరిచింది. సన్యాసయ్య ఖాకీ చొక్కా చివరి గుండీ విప్పుతున్నాడు, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. అది చూసి అనబోయిన మాట మార్చేసింది. "నేనే తప్పు రాసేనేమో సార్," అంది.

ఇందులో కూడా ఆ పిల్లదే పైచెయ్యి అయింది. రోజారమణికి ముందు తోచింది ఇదే, దాచి లాభం లేదు. నా తండ్రి దుఃఖాన్ని నాకంటే ముందు తెలుసుకుంది, నాకంటే జాగ్రత్తగా దాచింది అనుకుంది. అలా కుళ్ళుకుంటూనే తండ్రి ముఖం చూసింది. అప్పుడు మిగతాది తెలిసొచ్చింది.

నెల రోజులుగా ఆమెని తినేస్తున్నది ఒకటే ప్రశ్న. నాన్నకి నేనంటే ఏపాటి? దేవిశ్రీకి రెండు రోజుల మాటలు ఇచ్చాడు సరే, నాకేమిచ్చాడు? ఇప్పుడిచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తలెత్తుకుని చేసిన పనిని, చెయ్యనే లేదని ఒక అధికారి ముందు ఒప్పుకున్నాడు. చెంబెడు నీళ్ళతో సాగనంపిన కొడుకుని రెండోసారి పోగొట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏ వాటా కోసం కుమిలిపోయిందో అది పూర్తిగా ఆమె చేతికి వచ్చింది. దొంగసొత్తుగా వచ్చింది. 

హరిబాబు ఎర్ర పెన్ను తీసి తొమ్మిదో అంశాన్ని అడ్డంగా కొట్టేశాడు. దేవిశ్రీ వైపు తిరిగి, జనం అనని మాటని జనం పేరు మీద రాయడం చిన్న తప్పు కాదన్నాడు. నువ్వు చెప్పే పద్ధతికి అదే మొదటి ద్రోహం కదా అన్నాడు. ఇక ఈ పనిలో నీ పేరు ఉండదని, ఆ సంగతి కంపెనీకి ఈ రోజే రాస్తానని చెప్పాడు. దేవిశ్రీ తల ఊపి, పెన్నుకి మూత పెట్టి, సంచీలో వేసుకుంది. సన్యాసయ్య ఆమె వైపు చూడలేకపోయాడు.

జాబితా బల్ల మీదుగా జరిగి రోజారమణి ముందుకి వచ్చింది. డిజైనరు అని రాసి ఉన్న చోట దేవిశ్రీ పేరు కొట్టేశాక సంతకానికి ఇప్పుడు ఒకటే గీత, ఒకటే పేరు. ఇక్కడ సంతకం పెట్టు, జీపు కోరాపుట్ బయల్దేరాలి అన్నాడు హరిబాబు.

ఆ ఒక్క పేరు కోసమే ఆమె ఇంత చేసింది. సంతకం పెడితే తండ్రి ఆడిన అబద్ధం నిలుస్తుంది, తన ఉద్యోగం నిలుస్తుంది, పదకొండు వీధుల్లో ఎవరింట్లో ఎవరు పోయినా యంత్రం వంతు చూసి గాని కదలదు. పెట్టకపోతే, ఆ తండ్రి అంతా వదులుకుని కప్పిపెట్టిన దాన్ని కూతురే నలుగురిలో విప్పి పారేసినట్టవుతుంది. కాగితం బూడిదై కాలవలో కలిసిపోయింది. ఇప్పుడు సాక్ష్యం ఆమె నోరొక్కటే.

రోజారమణి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

"సార్, ఆ పేజీ..."

"కూకో అమ్మీ," అన్నాడు సన్యాసయ్య.

గట్టిగా అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ గొంతు కూర్చోమంటే కూర్చుంది, లెమ్మంటే లేచింది, ఎదురు చెప్పిన రోజు లేదు. సూర్యావతి, దేవిశ్రీ, ఎర్ర పెన్ను పట్టుకున్న హరిబాబు, అందరూ ఆమె వైపే చూస్తున్నారు. తండ్రి ఒక్కడే తల దించుకున్నాడు.

రోజారమణి కూర్చోలేదు.